ఊరి నుంచి వచ్చిన విటమిన్ సీసా

యుమ్మాను మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మారుస్తుంటే నా కుడి భుజంలో ఏదో పుటుక్కున తెగినట్టయింది. ఆమెను కింద పడేయలేదు. పళ్ళు బిగబట్టి కుర్చీలో కూర్చోబెట్టాకే గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పూట నుంచి జడ వేసుకోవాలంటే చెయ్యి తల వెనక్కి పోలేదు.

యుమ్మా అంటే మా మేడం తల్లి. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మనిషి, మంచి బరువు. సౌదీలో హుఫూఫ్ ఊళ్ళో ఆ ఇంట్లో నేను ఆమెను చూసుకునే పనిలో ఉన్నాను. నాది రాయచోటి పక్క పల్లె. పదో తరగతి దాకా చదివాను. ఇది జాలి కోసం రాయడం లేదు. ఒక మనిషి మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. నా కోపం వల్ల మీలో ఎవరికైనా మేలు జరిగితే మంచిదే, కానీ ముందు కోపం సంగతి చెప్పనివ్వండి.

ఆ మనిషి పేరు రమణమ్మ. మా పక్క మండలం ఆమెది. మేడం అక్కగారింట్లో, మా వీధిలోనే పని. నన్ను ఈ దేశానికి రప్పించింది ఆమే కనుక అక్కా అని పిలిచేదాన్ని. శుక్రవారం నమాజు అయ్యాక కొడుకులు, కూతుళ్ళు, మనవలు అందరూ యుమ్మా దగ్గరికి భోజనానికి వస్తారు. ఆ రోజు మేమిద్దరం కలిసి వండేవాళ్ళం. మాంసం వేసి వండే కబ్సా అన్నం వడ్డించే పెద్ద పళ్ళెం వంటగదిలో పై అరలో ఉంటుంది. ఇద్దరిలో నేనే పొడుగు కనుక దాన్ని దింపేది ఎప్పుడూ నేనే. ఈ పళ్ళేన్ని గుర్తుపెట్టుకోండి.

మా రెండిళ్ళకూ ఒక పద్ధతి ఉంది. ఒకరు వెకేషన్ మీద ఊరికి పోతే, రెండోవాళ్ళు రెండిళ్ళ పనీ చూడాలి. నా భుజం తెగేనాటికి రమణమ్మ టికెట్ తీసుకుని ఉంది. ఊళ్ళో కొత్త ఇంటి గృహప్రవేశం. మేడం నన్ను క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "టెండన్ తెగి ఉండొచ్చు. ఎంఆర్‌ఐ తీయాలి. బరువులు ఎత్తొద్దు" అన్నాడు. ఆ మాట రమణమ్మకు చెప్పాను.

"ఎంఆర్‌ఐ అంటే ఆపరేషన్ అంటారు. ఆపరేషన్ అంటే నిన్ను ఎగ్జిట్ కొట్టి ఊరికి తోలేస్తారు. సూసుకున్యావా?" అంది. "మన వొంటికి ఈ దేశం మందులు పడవమ్మే. నా కాడ మన ఊరి మాత్రలు ఉండాయి. విటమిన్‌వి. నరాలకు బలం. పొద్దున ఒకటి, సందకాడ ఒకటి యేసుకో. ఎంఆర్‌ఐ నేను వొచ్చినాక తీసుకుందువులే."

ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఊరి నుంచి ఎవరు వస్తున్నా వాళ్ళ పెట్టెలో సగం మన సామాన్లే ఉంటాయి. ఊరగాయలు, చెనక్కాయల పొడి, ఉలవలు, మాత్రలు. అట్టల మీద పేర్లుంటే ఎయిర్‌పోర్టులో అడుగుతారని మాత్రలన్నీ ఊడదీసి ఏదో ఒక విటమిన్ సీసాలో పోసుకుని వస్తారు. అట్ట పోయాక ఆ మాత్ర ఏమిటో పోసినవాళ్ళకే తెలుస్తుంది. మేం పేరు అడగం. ఊరి నుంచి వచ్చింది అంటే చాలు, గుడిలో ప్రసాదం లాగా నోట్లో వేసుకుంటాం.

మొదటి మాత్ర వేసుకున్నప్పుడు కొంచెం కడుపులో తిప్పింది. కాసేపటికి నొప్పి ఎటు పోయిందో పోయింది. ఒళ్ళు తేలికైంది. అదే చేత్తో యుమ్మాను ఎత్తాను, రెండిళ్ళ తివాచీలు దులిపాను. రమణమ్మ ఊళ్ళో గృహప్రవేశం చేసుకుని ఫోన్లో ఫోటోలు పంపింది. నేను ఆ ఫోటోలు చూసి సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే నవ్వొస్తుంది.

కొన్ని వారాలకు రెండు మాత్రలు చాలకుండా పోయాయి. రమణమ్మను ఫోన్లో అడిగితే, "బలం కదమ్మే, ఎక్కువైతే ఏం కాదులే" అంది. మాత్ర ఆలస్యమైతే ఆవలింతలు ఆగేవి కావు, ముక్కు కారేది, యుమ్మా మీద కూడా కసురుకునేదాన్ని. ఒకటి వేసుకుంటే అన్నీ సర్దుకునేవి. చూశావా, నా ఒంట్లో ఎంత నీరసం ఉందో, విటమిన్ ఎంత బాగా పనిచేస్తోందో అనుకున్నాను. రమణమ్మ తిరిగి వస్తూ ఇంకో సీసా తెచ్చింది. ఎంఆర్‌ఐ మాట ఆమె ఎత్తలేదు. నొప్పి తెలియడం లేదు కనుక నేనూ ఎత్తలేదు.

ఒక శుక్రవారం పళ్ళెం దించబోతే చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. నొప్పి కూడా లేదు, ఊరికే లేవలేదు. మేడం చూసి అప్పటికప్పుడు కారెక్కించింది.

ఎంఆర్‌ఐ చూసిన సర్జన్ సూడాన్ మనిషి, నిదానంగా మాట్లాడతాడు. "భుజాన్ని తిప్పే టెండన్లు, రొటేటర్ కఫ్. పూర్తిగా తెగింది, వెనక్కి కూడా లాక్కుపోయింది. తెగిన చేత్తో నువ్వు ఇన్ని నెలలు బరువులెలా ఎత్తావు? మొదట్లోనే వచ్చి ఉంటే ఇది చిన్న ఆపరేషన్" అన్నాడు. నన్ను ఊరికి పంపేస్తారేమోనని మేడం మొహం చూశాను. "ఇన్సూరెన్స్ ఉంది. చేయించుకో. ఇక్కడే ఉంటావు" అంది మేడం. రమణమ్మ చెప్పిన ఎగ్జిట్ కథ అక్కడే అబద్ధమైంది. నాకు అప్పటికీ అనుమానం రాలేదు.

ఆపరేషన్‌కు ముందు ప్రీ ఆప్ క్లినిక్ అని ఒకటి ఉంటుంది. కేరళ నర్సు ఒకామె కంప్యూటర్ ముందు కూర్చుని హిందీలో ఒక్కొక్కటే అడిగింది. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏదైనా పడదా. చివర్లో, "రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా? పెయిన్ కిల్లర్, నాటు మందు, ఏదైనా సరే" అంది. "విటమిన్ ఒక్కటే సిస్టర్" అన్నాను. ఆమె విటమిన్ అని కొట్టి నన్ను పంపించేసింది. నేను అబద్ధం చెప్పలేదు. నా నోటితో రమణమ్మ అబద్ధం చెప్పింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మెడ దగ్గర నెర్వ్ బ్లాక్ ఇచ్చారు కనుక ఆ పూటంతా చెయ్యి నాది కానట్టే ఉంది. మర్నాడు బ్లాక్ దిగిపోయింది. భుజంలో గునపం దింపి తిప్పుతున్నట్టు నొప్పి. ఇంజెక్షన్ ఇచ్చారు, ఏమీ కాలేదు. ఇంకొకటి ఇచ్చారు, పక్క మంచం ఆమెకు ఇచ్చారేమో అనిపించింది. డ్యూటీలో ఉన్న నర్సు, "అందరికీ సరిపోయే డోసే ఇచ్చాం. కొంచెం ఓర్చుకోవడం నేర్చుకో" అంది. ఇద్దరు బిడ్డల్ని అరుపు లేకుండా కన్నదాన్ని నేను. ఆ మాట ఆమెకు చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

తర్వాత ఇంకో నరకం మొదలైంది. కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు. ఒళ్ళంతా చెమటలు, ఆ చెమటల మీద చలి, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. విరేచనాలు. కాళ్ళు ఒకచోట ఉండవు, మంచం మీద తన్నుకుంటూనే ఉన్నాను. ఆ కుదుపుకు భుజంలో కుట్లు పీకేవి. ఇన్ఫెక్షన్ అనుకుని రక్తం తీశారు, కల్చర్‌కి పంపారు, కట్టు విప్పి చూశారు. "అన్నీ క్లియర్. ఇన్ఫెక్షన్ కాదు" అన్నాడు సర్జన్. కాకపోతే మరేమిటో ఆయనకూ తెలియలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. ఊళ్ళో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి మామూలుగా మాట్లాడి పెట్టేశాను.

అప్పుడు పెయిన్ టీమ్ డాక్టరమ్మ వచ్చింది. హైదరాబాదు మనిషి, మత్తు డాక్టర్. టార్చి వేసి నా కళ్ళలోకి చూసింది, చేతి మీద రోమాలు చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని తెలుగులో అడిగింది.

"అమ్మా, ఇంట్ల ఉన్నప్పుడు ఏమేం గోలీలు ఏస్కుంటుండె?"

"విటమిన్ మేడం."

"ఏ విటమిన్? సీసా ఉన్నదా?"

"ఇంట్లో ఉంది. ఊరి నుంచి తెచ్చింది."

"ఎవరికన్న చెప్పి తెప్పియ్యు. నేనేమన్న పోలీసునా? నీకు నయం చెయ్యనీకి అడుగుతున్న."

మేడం సీసా తీసుకొచ్చింది. డాక్టరమ్మ ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, దాని మీది అచ్చు చూసి, ఫార్మసీకి పంపింది. తిరిగి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

"ఇది విటమిన్ గాదమ్మా. ట్రమడాల్. ఓపియాయిడ్ అంటరు, మత్తు జాతి నొప్పి గోలి. నెలల సంది ఏస్కున్నవు గద, నీ ఒళ్ళు దానికి అలవాటు పడ్డది. దాన్ని టాలరెన్స్ అంటరు. అందుకే మేమిచ్చిన డోస్ నీకు ఆనలే. ఆ గోలీలు ఎక్కువ రోజులు ఏస్కుంటే నొప్పి ఇంకింత ఎక్కువ తెలుస్తది కూడ. మీదికెల్లి ఒక్కసారి బందయినయి గద, ఈ చెమటలు, ఈ కాళ్ళు కొట్టుకునుడు అంత విత్‌డ్రాయల్. ముందుగాల తెలిస్తే మెల్లగ తగ్గిచ్చి, గప్పుడు ఆపరేషన్ చేస్తుంటిమి."

ఎవరిచ్చారని అడిగితే చెప్పలేదు. మేడం అడిగినా చెప్పలేదు. రమణమ్మ మీద దయ ఉండి కాదు. ఈ దేశంలో ఆ మాత్రలు అలా తెస్తే జైలే. ఆమె నాకు బాకీ పడింది, దాన్ని తీర్చుకునే హక్కు నాది, పోలీసులకు ఎందుకు వదిలిపెట్టాలి?

ఆ శుక్రవారం రమణమ్మ డబ్బాలో చారన్నం పట్టుకుని చూడటానికి వచ్చింది. మేడం అటు వెళ్ళగానే అడిగాను.

"అక్కా, ఆ సీసాలో ఏముండింది?"

"విటమిన్ కదే."

"ట్రమడాల్ అంట. డాక్టరమ్మ చెప్పింది."

ఆమె తలుపు వైపు చూసింది. "గట్టిగా అనాకు" అంది. "నొప్పి మాత్ర అంటే నొప్పి వొచ్చినప్పుడే మింగుతావు. విటమిన్ అంటే దినామూ మింగుతావు. నేను ఊర్లో ఉన్నన్నాళ్ళు నువ్వు నిలబడాల కదమ్మే."

"మానేస్తే ఇట్లయితాదని నీకు తెల్సా?"

"తెల్సులే. నేనూ మోకాళ్ళకు అవే మింగుతాండా. మానితేనే కదా బాధ."

తెలుసు. నన్ను ఆపరేషన్‌కు పంపేటప్పుడు కూడా తెలుసు. ఒక్క మాట చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది. చారన్నం డబ్బా ఆమె చేతికే ఇచ్చి పొమ్మన్నాను. నేను పడింది ఈమెకు ఎప్పటికైనా తిరిగి ఇస్తానని ఆ మంచం మీదే అనుకున్నాను. నాకు కోపం వస్తే మరిచిపోయే గుణం లేదు. మా అమ్మ కూడా ఇంతే.

ఆగిపోయిన మాత్రల్ని డాక్టరమ్మ మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. దాన్ని టేపర్ అంటారు. పేరు చిన్నదే, నెలలు పట్టింది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా నిద్ర పోయేది, ఊరికే ఏడుపు వచ్చేది. ఈ లోపల భుజానికి చేయాల్సిన ఫిజియోథెరపీ వెనకబడింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి చెయ్యి పట్టుకోగానే ప్రాణం పోయినట్టయ్యేది, వద్దని లాక్కునేదాన్ని. చివరికి సర్జన్ స్కాన్ చూసి, "కుట్టు పట్టింది. కానీ జాయింట్ బిగుసుకుపోయింది, ఫ్రోజెన్ షోల్డర్. కదపాల్సిన వారాల్లో కదపలేదు" అన్నాడు. మళ్ళీ మత్తు ఇచ్చి చెయ్యిని బలంగా తిప్పి వదులు చేశారు. ఈసారి మత్తు డాక్టరమ్మకు నా సంగతంతా ముందే తెలుసు కనుక నొప్పి మనుషులు ఓర్చుకునేంతే ఉంది. మొదటిసారే ఇలా జరగాల్సింది కదా అని ఇంకొంచెం మండింది.

యుమ్మాను ఎత్తడానికి మేడం ఇంకో మనిషిని పెట్టింది. యుమ్మాకు ఒక చెయ్యి, నాకు ఒక చెయ్యి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వ్యాయామం చేసేవాళ్ళం. నేను ఆపితే ఆమె పని చేసే చేత్తో కుర్చీ కొట్టి, "ఇంకోటి, బద్ధకందానా" అని అరబ్బీలో కసిరేది. ఆ ముసలామె తిట్లే లేకపోతే నా చెయ్యి ఈపాటికి కొయ్య ముక్క అయ్యేది. ఇప్పుడు జడ వేసుకుంటాను. వంట చేస్తాను. తల దాటి పైకి మాత్రం పోదు. ఇక పోదని సర్జన్ చెప్పేశాడు.

రమణమ్మ బాకీ తీర్చుకోవడానికి ఆమె మోకాలే నా చేతికి అందివస్తుందని నేననుకోలేదు.

ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయాలన్నారు. ఆమెకు అరబ్బీ, హిందీ అంతంతమాత్రం, ఆస్పత్రి వ్యవహారాలు నాకు తెలుసని ప్రీ ఆప్ క్లినిక్‌కి నన్ను తోడు పంపారు. అదే ఆస్పత్రి. కారులో వెనక సీట్లో నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

"లచ్చుందేవీ, మాత్రల సంగతి అనాకు. చెప్తే ఆపరేషన్ ఎనక్కి పెడతారు. చేపించుకోని, నడక రాగానే ఊరికి పోవాల. కూతురి బిడ్డకు పేరు పెట్టేది ఉండాది. నీకు దండం పెడతా."

"నేనేం చెప్తానక్కా" అన్నాను.

నిజంగానే చెప్పకూడదనుకున్నాను. ఆ వారమంతా దాన్ని తలుచుకుంటూ కమ్మగా నిద్రపోయాను. నేను చేయాల్సింది ఏమీ లేదు, నోరు మూసుకుంటే చాలు. నా గునపం ఆమె మోకాల్లో దిగుతుంది. నా చెమటలు, నా చలి, మంచం మీద తన్నుకునే నా కాళ్ళు, అన్నీ ఒక్కటి తగ్గకుండా ఆమెకు అందుతాయి. నేను చారన్నం పట్టుకుని చూడటానికి పోతాను.

కేరళ నర్సు అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. షుగర్, బీపీ, అన్నీ అయ్యాయి. చివర్లో అదే ప్రశ్న. ఆ ప్రశ్నను నేను రమణమ్మకు తెలుగులో చెప్పాను. రమణమ్మ నన్ను చూసి, నర్సును చూసి, "విటమిన్" అంది. నర్సు వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఈమె అదంతా పడుతుంది, నిజమే. కానీ నా వల్ల పడుతున్నానని ఈమెకు ఎప్పటికీ తెలియదు. డాక్టర్ సరిగ్గా చేయలేదంటుంది, ఈ దేశం మందులు పడలేదంటుంది. ఎవరు తీర్చుకున్నారో తెలియని పగ నాకెందుకు? ఆమె కళ్ళు నా కళ్ళలోకి చూస్తుండగా జరగాలి.

ఆమె ఒళ్ళో ఉన్న బ్యాగు జిప్పు లాగాను. సీసా ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. తీసి నర్సు టేబుల్ మీద పెట్టాను. "ఇవి విటమిన్లు కావు సిస్టర్. ట్రమడాల్. ఏళ్ళ తరబడి మింగుతోంది. మీ పెయిన్ డాక్టరమ్మను పిలవండి, నా కేసు ఆమెకు తెలుసు" అన్నాను.

రమణమ్మ మొహంలో రంగు పోయింది. నేను కళ్ళు తిప్పుకోకుండా చూశాను.

"నా కొంప ముంచితివి కదే" అంది.

"అవునక్కా, నేనే" అన్నాను.

డాక్టరమ్మ పోలీసుల మాట ఎత్తకుండా ఆపరేషన్ వాయిదా వేసి టేపర్ మొదలుపెట్టింది. రమణమ్మ ఊరికి పోలేకపోయింది. మనవరాలికి పేరు పెట్టడం ఫోన్లో చూసింది. నాకు బాధ కలగలేదు. కలిగిందని రాస్తే మీరు మెచ్చుకుంటారని తెలుసు, కానీ కలగలేదు. నాకు మండేది వేరే సంగతి. మాత్రలు తగ్గాక ఆమె ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడే వాకర్ పట్టుకుని నిలబడింది. అందరికీ ఇచ్చే మందే ఆమెకు సరిపోయింది. నాకు దక్కనిది ఆమెకు దక్కింది, అది కూడా నా చేత్తోనే.

అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను. ఆపరేషన్‌కు ముందు ఏ మందులు వేసుకుంటున్నారని అడిగినప్పుడు నోటితో జవాబు చెప్పకండి. మీరు మింగేవన్నీ సీసాలతో సహా పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టండి. ఎవరిచ్చినా సరే, మీద ఏ పేరున్నా సరే. అవేమిటో వాళ్ళు చూసుకుంటారు. మీకై మీరు ఒక్కసారిగా మానేయకండి, ఎలా తగ్గించాలో వాళ్ళే చెప్తారు.

రమణమ్మ నాతో మాట్లాడదు. శుక్రవారాలు మాత్రం ఇద్దరం ఆ వంటగదిలోనే పని చేస్తాం. కబ్సా ఉడికాక నేను పై అర వైపు చూస్తాను. నా చెయ్యి అంత ఎత్తు పోదని ఆమెకు తెలుసు, ఎందుకు పోదో కూడా తెలుసు. పళ్ళెం ఇంకో అరలో పెట్టుకుందామని మేడం చాలాసార్లు అంది. వద్దు మేడం, అక్కడే ఉండనివ్వండి అన్నాను. రమణమ్మ స్టూలు లాక్కుని, కొత్త మోకాలితో మెల్లగా ఎక్కి, పళ్ళెం దించి నా చేతికి ఇస్తుంది.